ఖాళీ గొట్టం

ఆ పరిశోధనా సంస్థలో కింది అంతస్తు చివరి గదిని అందరూ గొట్టాల గది అంటారు. అందులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్‌ని కత్తెరమ్మ అంటారు. ప్రోటీన్లను ముక్కలు చేసే పని కనుక ఆ పేరు వచ్చిందని ఆమె ఎదుట చెబుతారు, ఆమె నాలుక వల్ల వచ్చిందని వెనక చెబుతారు. రెండూ ఆమె చెవిన పడ్డాయి. రెండోదే ఆమెకు ఎక్కువ నచ్చింది.

గది పెద్దదేం కాదు. గోడవారగా రాతి బల్ల, బల్ల మీద సన్నటి గొట్టాలు నిలబెట్టిన స్టాండ్లు, మూలన రోజంతా గుర్రుమనే ఫ్రిజ్, కిటికీ పక్కన ముక్కల్ని తూచే మిషన్. ఆమె కూర్చునే స్టూలుకు ఒక కాలు పొట్టి. దాని కింద నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంటుంది. అది డైరెక్టర్ సంతకంతో వచ్చిన ఒక సర్క్యులర్. ఆ సంస్థ తనకు పంపిన కాగితాల్లో పనికొచ్చింది అదొక్కటేనని ఆమె అంటుంది.

ఆమె పని గురించి చెప్పాలంటే ముందు పూసల దండ గురించి చెప్పాలి. ప్రోటీన్ అంటే ఇరవై రకాల పూసలు గుచ్చిన పొడవాటి దండ. ఆ దండను తెంపే ఎంజైములుంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో కత్తెర. ఏ కత్తెరా ఎక్కడ పడితే అక్కడ తెంపదు. ఫలానా పూస ఉండాలి, దానికి అటూ ఇటూ ఫలానా పూసలుండాలి, అప్పుడే కోస్తుంది. ఒక రోగక్రిమి దగ్గర అలాంటి కత్తెర ఒకటుంది. అది మన ఒంట్లో ప్రోటీన్లను ఏ గుర్తు పట్టి కోస్తుందో తెలిస్తే, ఆ గుర్తులాంటి మూత ఒకటి చేసి దాని నోట్లో కుక్కవచ్చు. ఆ మూతే మందు. సంస్థంతా కొన్నేళ్లుగా ఆ ఒక్క ప్రశ్న చెప్పుకుని బతుకుతోంది.

జవాబు మాత్రం గొట్టాల గదిలోనే దొరకాలి. కత్తెరమ్మ గొట్టంలో ప్రోటీన్ పోసి క్రిమి ఎంజైమ్ కలుపుతుంది. కోత అయ్యాక ముక్కల్ని తూచే మిషన్‌కి పంపాలి. ఆ మహారాజుకు పెద్ద ముక్కలు మింగుడుపడవు. అందుకని ట్రిప్సిన్ అనే మామూలు కత్తెర వేసి అన్నిటినీ ఇంకా చిన్నవి చేస్తుంది. ట్రిప్సిన్ ఎక్కడ కోస్తుందో కాలేజీ పిల్లలకు కూడా కంఠతా వచ్చు: లైసిన్, ఆర్జినిన్ అనే రెండు పూసల వెనకాల. అయితే ఆమె ప్రతి గొట్టం పక్కనా ఇంకో గొట్టం పెడుతుంది. అందులోనూ అదే ప్రోటీన్, అదే ట్రిప్సిన్, అంతే వేడి, అంతే సమయం. క్రిమి ఎంజైమ్ ఒక్కటే ఉండదు. దాన్ని ఖాళీ గొట్టం అంటుంది. ఖాళీ గొట్టంలో కనబడిన కోతల్ని అసలు గొట్టంలోంచి తీసేస్తే, మిగిలిందే క్రిమి చేసిన కోత. వెయ్యి కోతల్లో ఇరవయ్యో ముప్పయ్యో మిగులుతాయి. ఆ ముప్పై కోసమే ఇంత తతంగం.

ఇక ఆమె మరిది. చెల్లెలి మొగుడు కాబట్టి మరిది అయ్యాడు కానీ, లేకపోతే ఆ మనిషిని వరస పెట్టి పిలవాల్సిన ఖర్మ ఆమెకు లేదు. అంతకుముందు ఆయన ఒక ఫోన్ కంపెనీలో ఏ కస్టమర్ ఎప్పుడు పక్క కంపెనీకి పారిపోతాడో ముందే చెప్పే ప్రోగ్రాములు రాసేవాడు. ఆ కంపెనీ కాస్తా మూతపడింది. కస్టమర్లందరూ ఒకేసారి పోతారని ఆ ప్రోగ్రాముకు తోచలేదు కాబోలు. అప్పుడు చెల్లెలు వచ్చింది.

"అక్కా, మీ దగ్గర కంప్యూటర్ వాళ్లు కావాలట కదా. డైరెక్టర్ గారి చెవిన ఒక్క మాట వెయ్యవా?" అని బతిమాలింది.

చెల్లెలంటే కత్తెరమ్మకు ప్రాణం. తల్లి పోయాక దానికి జడ వేసిందీ, అక్షరాలు దిద్దించిందీ, లెక్కలు తప్పితే నెత్తిన మొట్టిందీ తనే. లోకంలో ఆమె నాలుక మెత్తబడేది ఆ ఒక్క మనిషి దగ్గరే. అందుకని మనసొప్పకపోయినా డైరెక్టర్ దగ్గర ఒక మాట వేసింది. ఆ తర్వాత ఆ మాట వేసిన రోజును ఎన్నిసార్లు తిట్టుకుందో లెక్క లేదు.

మరిది మూడో అంతస్తులో మూడు కంప్యూటర్ తెరల ముందు కూర్చున్నాడు. చేరిన వారానికే ఆమె ఆయనకు జోస్యుడని పేరు పెట్టింది. గొట్టం ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని మనిషి, కత్తెర ఎక్కడ కోస్తుందో చెబుతాడట. ఆమె గొట్టాల్లోంచి వచ్చిన పద్దెనిమిది వేల ముక్కల్ని తన ప్రోగ్రాముకు మేపాడు. ఇక ఏ ప్రోటీన్ దండ ఇచ్చినా, క్రిమి దాన్ని ఎక్కడ కోస్తుందో ఆ ప్రోగ్రాము చిటికెలో చెబుతుందన్నాడు. పరీక్షించి చూశాననీ, నూటికి తొంభై ఏడు సార్లు సరిగ్గా చెప్పిందనీ అన్నాడు. పరీక్ష దేని మీద పెట్టాడయ్యా అంటే, ఆ పద్దెనిమిది వేలల్లోంచే కొన్ని పక్కన పెట్టి వాటి మీదే. ప్రశ్నపత్రం తనదే, జవాబులు తనవే, మార్కులు వేసుకున్నదీ తనే.

తొంభై ఏడు అన్న అంకె విన్నప్పటి నుంచి డైరెక్టర్ కాలు నేల మీద నిలవలేదు. ఆయన పరిశోధన మానేసి పదేళ్లయింది, పరిశోధన గురించి మాట్లాడటం మాత్రం ఒక్కరోజూ మానలేదు. లిఫ్టులో కలిసినవాళ్లకీ, మెట్ల మీద కలిసినవాళ్లకీ, మంచినీళ్ల దగ్గర నిలబడ్డవాళ్లకీ ఆ అంకె చెప్పాడు. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. ఎందుకు తొంభై ఏడు వచ్చింది అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. పై అంతస్తులో పరిశోధన చేస్తున్న ఇద్దరమ్మాయిలు, ఆ ప్రోగ్రాము ఇచ్చిన గుర్తులు పట్టుకుని మూతలు తయారు చేయడం మొదలుపెట్టారు. ఒక్కో మూతకు మూడు వారాలు పడుతుంది. పొద్దున్నే మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ కత్తెరమ్మకు నవ్వుతూ నమస్కారం పెట్టేవాళ్లు.

మార్చిలో ఒక ఆదివారం చెల్లెలి ఇంట్లో భోజనానికి పిలిచారు. మరిది పాత స్నేహితులు ఇద్దరొచ్చారు. చెల్లెలు వంటింట్లో ఉంది. కత్తెరమ్మ గ్లాసుల్లో మంచినీళ్లు పోస్తోంది.

"మీ వదినగారు ఏం చేస్తుంటారు?" అని స్నేహితుల్లో ఒకడు అడిగాడు.

"మా ఆఫీసులోనే. గొట్టాలవీ కడుగుతుంటారు," అన్నాడు జోస్యుడు, కంచంలోంచి తలెత్తకుండా.

ఆయన వెటకారంగా అనలేదు. అదే ఆమెకు ఇంకా మండింది. వెటకారమైతే పక్కవాడి విలువ తెలిసే అంటారు. ఈయనకు ఆ మాత్రం కూడా తెలియదు. ఇరవై రెండేళ్ల పనిని ఒక్క మాటతో సింకులో పారబోసి, మజ్జిగ అడిగాడు. ఆమె జగ్గు బల్ల మీద పెట్టి, తలనొప్పిగా ఉందని చెల్లెలికి చెప్పి ఇంటికొచ్చేసింది.

మర్నాడు గదికి రాగానే, అంతవరకు ముట్టుకోని పని ఒకటి చేసింది. సంస్థ కంప్యూటర్‌లో అందరూ చూడటానికి మరిది పెట్టిన కోతల లిస్టు తెరిచింది. పది వరసలు చదివేసరికి నవ్వొచ్చింది. యాభై చదివేసరికి స్టూలు పట్టుకోవాల్సి వచ్చింది. కోత, లైసిన్ వెనకాల. కోత, ఆర్జినిన్ వెనకాల. మళ్లీ లైసిన్. మళ్లీ లైసిన్. క్రిమి పేరు పెట్టి ఆ లిస్టులో ఊరేగుతున్నది ఆమె చేత్తో వేసిన ట్రిప్సిన్. చివర్లో జోస్యుడు చిన్న అక్షరాలతో ఒక మాట రాసుకున్నాడు: రెండో గొట్టంలో వచ్చిన ముక్కలు మొదటి గొట్టంలోనూ ఉన్నాయి, డూప్లికేట్లు కాబట్టి తొలగించాను.

డూప్లికేట్లట. ఫోన్ కంపెనీలో ఒకే కస్టమర్ పేరు రెండుసార్లు పడితే ఒకటి కొట్టేసేవాడు కదా, ఆ అలవాటు. ఏ కోతల్ని లిస్టులోంచి తీసేయాలో చెప్పడానికే ఉన్న గొట్టాన్ని తీసేసి, తీసేయాల్సిన కోతలన్నిటినీ భద్రంగా దాచుకున్నాడు. క్రిమి చేసిన అసలు కోతలు నాలుగు వందలుంటాయేమో, ఆ గుంపులో పడి నలిగిపోయాయి. అంత పెద్ద ప్రోగ్రాము నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకుని నేర్చుకున్నదేమిటంటే, ట్రిప్సిన్ లైసిన్ వెనకాల కోస్తుందని. ఏ పాఠ్యపుస్తకంలోనైనా అది ఒక్క వాక్యం. తొంభై ఏడు వచ్చినందుకు సంబరపడటం కాదు, మిగతా మూడు ఎందుకు పోయాయో చూసుకోవాలి. చూసి ఉంటే అక్కడే దొరికేది క్రిమి.

లేచి మూడో అంతస్తుకు వెళ్లి ఒక్క మాట చెబితే అయిపోయేది. ఆమె లేవలేదు. గొట్టాలు కడిగే మనిషి మాట మూడు తెరల మనిషికెందుకులే అనుకుంది. నోట్‌బుక్ తీసి తారీఖు వేసి, చూసింది చూసినట్టు రాసుకుంది.

ఆ నోట్‌బుక్ గురించి చెప్పాలి. గట్టి అట్ట, పేజీలకు నంబర్లు, పెన్సిల్ రాత ఒక్కటీ ఉండదు. గదిలో జరిగిందేదైనా ఆ రోజే అందులోకి ఎక్కాలి. గొట్టం జారి పగిలితే, "నా చేతి నుంచే జారింది" అని రాసేది. కరెంటు పోతే ఎన్ని నిమిషాలో రాసేది. పేజీ చించడం గానీ, రాసింది దిద్దడం గానీ ఇరవై రెండేళ్లలో ఒక్కసారీ జరగలేదు. దేవుడి ముందు అబద్ధం చెప్పినా చెబుతాను గానీ పుస్తకంలో రాయను అనేది.

ఏప్రిల్ మొదట్లో ఒక పొద్దున జోస్యుడు గొట్టాల గది గుమ్మంలో కనబడ్డాడు. అంతకుముందు ఎన్నడూ ఆ మెట్లు దిగినవాడు కాదు. ఎవరో వెనక నుంచి తోస్తే వచ్చి పడ్డవాడిలా, లోపలికి రాకుండా, బయటికి పోకుండా నిలబడ్డాడు. చేతిలో ఏదో ప్రింటు కాగితం ఉంది.

"వదినా, ఒక చిన్న సందేహం," అన్నాడు.

"చెప్పండి మరిదిగారూ."

"మీరు ప్రతిసారీ రెండో గొట్టం పెడతారు కదా, ఎంజైమ్ లేకుండా. ఖాళీ గొట్టం అని. అది దేనికి?"

ఆమె చేతిలో పని ఆపింది. అలాంటి ప్రశ్న ఆ నోటి నుంచి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. జవాబు నాలుక చివర ఉంది. కానీ దానికన్నా ముందు ఇంకోటి వచ్చేసింది.

"నన్నడుగుతారేంటి మరిదిగారూ, గొట్టాలు కడుక్కునేదాన్ని. మీ ప్రోగ్రాముని అడగండి. నూటికి తొంభై ఏడు సార్లు కరెక్టుగా చెబుతుందట కదా," అంది.

ఆయన ముఖం చిన్నబోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సరే వదినా" అని వెళ్లిపోయాడు. తను విసిరిన మాటకు కత్తెరమ్మ సాయంత్రం దాకా తనలో తను నవ్వుకుంది. ఇంటికి వెళ్లేముందు, అలవాటు ప్రకారం పుస్తకంలో రాయాల్సింది రాసింది.

సెప్టెంబరులో ఇంకో సర్క్యులర్ వచ్చింది. ఇది స్టూలు కింద పెట్టేది కాదు. ప్రోగ్రాము ఇంత బాగా చెబుతుండగా గొట్టాల్లో కోతలు కోసి చూడాల్సిన అవసరం ఇక లేదనీ, కింది అంతస్తు చివరి గదిని మూసి కంప్యూటర్లకు ఇస్తామనీ, అక్టోబరులో బయటి నుంచి ఒక కమిటీ వచ్చి చూసి ఆమోదిస్తుందనీ అందులో ఉంది. ఆపైన టెక్నీషియన్‌ని స్టోర్స్‌కు మారుస్తారు. స్టోర్స్ అంటే గాజు సామాను లెక్క చూసుకోవడం. డైరెక్టర్ స్వయంగా కిందికి దిగి వచ్చి, "ఇన్నేళ్లు కష్టపడ్డారు, కాస్త సుఖపడండి" అన్నాడు. మనిషిని గోతిలోకి దించేటప్పుడు కూడా ఈయన కింద పరుపు వేశాననే చెబుతాడని ఆమె అనుకుంది.

ఆ నెల రోజులూ ఆమెకు గది ఇంకో రకంగా కనబడింది. ఫ్రిజ్ గుర్రుమంటే ఊపిరి ఉందని సంతోషం వేసింది. రాతిబల్ల మీద తన మోచేతులు ఆనేచోట నునుపు తేలిందని మొదటిసారి గమనించింది. ఆ గది పోతే తను ఎవరో తనకే తెలియదని ఆమెకు అర్థమైంది. భయం వేసింది, ఏడుపొచ్చింది. అయినా ఎవరికీ చెప్పలేదు. కమిటీ రానీ, అందరి ముందూ చెబుతాను, అప్పుడు చూస్తాను జోస్యుడి ముఖం అనుకుంటూ, ఆ ఒక్క రోజు కోసం పిల్లి ఎలుక కన్నం దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది.

కమిటీ వచ్చింది. దాని అధ్యక్షురాలు రిటైరైన పెద్ద శాస్త్రవేత్త. పొట్టిగా, బక్కపల్చగా, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని ఉంది. మీటింగ్ హాల్లో డైరెక్టర్ ముప్పావుగంట మాట్లాడాడు. అరచేతిలో వైకుంఠం చూపించాడు. జోస్యుడు తెర మీద బొమ్మలు చూపించాడు. చివర్లో మర్యాదకు కత్తెరమ్మనూ రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆమె రెండు మాటలు మాట్లాడలేదు. ఒక ఫైల్ ఇచ్చింది.

"పోయిన వారం కొత్తగా ఒక గొట్టం చేశానండి. ఇందులో ముక్కల్ని మరిదిగారి ప్రోగ్రాముకు ఇచ్చి, క్రిమి ఎన్ని కోతలు కోసిందో చెప్పమనండి," అంది.

జోస్యుడు హుషారుగా ఇచ్చాడు. ప్రోగ్రాము ఒక క్షణం కూడా తీసుకోలేదు. మొత్తం కోతలు రెండు వందల పన్నెండు, అందులో క్రిమి కోసినవి రెండు వందల ఆరు అంది. డైరెక్టర్ కుర్చీలో వెనక్కి వాలి అందరి వైపూ చూశాడు.

"గొట్టంలో ఏముందమ్మా?" అంది అధ్యక్షురాలు.

"కోడిగుడ్డు తెల్లసొన, ట్రిప్సిన్."

"క్రిమి ఎంజైమ్?"

"లేదండి. ఒక్క చుక్క కూడా లేదు. అది ఖాళీ గొట్టం."

డైరెక్టర్ ఏదో సాంకేతిక లోపం అని మొదలుపెట్టి, వాక్యం ఎలా ముగించాలో తెలియక వదిలేశాడు. జోస్యుడు మాత్రం తెర వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. లైసిన్, లైసిన్, ఆర్జినిన్ అని చదువుకుంటున్నాడు. ఆ ముఖం చూడటానికే కదా ఆమె ఏడు నెలలు కాచుకుంది. చూసింది. అనుకున్నంత రుచిగా లేదు.

"ఎంజైమ్ వేయలేదని నేనెలా నమ్మను?" అంది అధ్యక్షురాలు.

"పుస్తకం ఉందండి," అని కత్తెరమ్మ నోట్‌బుక్ ఆమె ముందు పెట్టింది. ఆ క్షణంలో ఆమె గర్వం అంతా ఇంతా కాదు.

అధ్యక్షురాలు పోయిన వారం పేజీ చూసింది. పాత గొట్టాలకు కూడా ఖాళీ గొట్టం పెట్టారా అని అడిగింది. మొదటి రోజు నుంచీ అని కత్తెరమ్మ చెప్పింది. అధ్యక్షురాలు పుస్తకం మొదటికి వెళ్లి ఒక్కో పేజీ తిప్పుతూ, అక్కడక్కడ ఆగి చదువుతూ, "ఇలాంటి రికార్డు చూసి చాలా రోజులైంది," అంది. "గది ఉంచాలా, తీసేయాలా అని అడగడానికి నన్ను పిలిచారు. అక్కడ చేసిందీ చూసిందీ ఎవరూ దాచరన్న నమ్మకం ఉంటే గది ఉండాలి. ఆ నమ్మకం లేకపోతే నాలుగు గోడలే." అలా అంటూనే ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. చెవి మీద పెన్సిల్ తీసి, ఆ వరస మీద పెట్టి, పైకి చదివింది.

"మార్చి పన్నెండు. జోస్యుడి లిస్టు చూశాను. కోతలన్నీ ట్రిప్సిన్‌వే. ఖాళీ గొట్టాన్ని డూప్లికేట్ అనుకుని తీసేశాడు." తలెత్తి చూసింది. "ఈ జోస్యుడు ఎవరు?"

వెనక వరసలో ఎవరో నవ్వబోయి దగ్గారు. మరిది చెయ్యి పైకెత్తాడు. "నేనేనండి," అన్నాడు.

"మార్చిలో రాశారు. ఇది అక్టోబరు," అంది ఆమె కత్తెరమ్మతో. "పై అంతస్తులో ఇద్దరు పిల్లలు ఈ లిస్టు పట్టుకుని ఏడు నెలలు పనిచేశారని ఇందాకే విన్నాను. ఈ సంగతి మీరు ఈయనకు చెప్పారా?"

కత్తెరమ్మ నోరు తెరిచింది. రోజూ మెట్ల మీద నవ్వే ఆ రెండు ముఖాలు గుర్తొచ్చాయి. వాళ్లను ఈ లెక్కలో ఆమె ఎన్నడూ కలుపుకోలేదు. చెప్పలేదు అంటే గది పోతుంది. చెప్పాను అంటే అబద్ధం. ఇరవై రెండేళ్లలో ఆమెకు మాట తడుముకోవాల్సి వచ్చిన మొదటి ప్రశ్న అదే.

"చెప్పారండి," అన్నాడు జోస్యుడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. "అప్పుడే చెప్పారు. నేనే పట్టించుకోలేదు. తప్పు నాది."

ఆ మనిషికి అబద్ధం ఆడటం కూడా సరిగ్గా రాదు. చెవులు రెండూ ఎర్రగా కందిపోయాయి. అయినా అందరూ నమ్మారు. అలాంటివాడు వినకపోవడంలో నమ్మలేనిదేముంది. అధ్యక్షురాలు కత్తెరమ్మ ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పుస్తకం మూసి, తిరిగి ఇచ్చింది. కత్తెరమ్మ నోరు మూసుకుంది.

గది ఉండిపోయింది. ఖాళీ గొట్టాల్లో కనబడిన కోతల్ని తీసేసి ప్రోగ్రాముకు మళ్లీ మొదటి నుంచి నేర్పాలని తీర్మానించారు. పై అంతస్తులో పదకొండు మూతల్ని చెత్తలో పారబోశారు. మెట్ల దగ్గర మరిది ఆమె కోసం ఆగాడు.

"వదినా, క్రిమి కోసినవి అసలు ఎన్నుంటాయంటారు?"

"నాలుగు వందలు."

"చాలు. వాటితోనే మొదలెడతాను," అని మెట్లెక్కి వెళ్లిపోయాడు. ఒక్క నిష్ఠూరం లేదు, చిన్న సూటిపోటి మాట లేదు. ఒక్క మాట అని ఉంటే ఆమె పది అని తేలికపడేది. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు ఆ మహానుభావుడు.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు గొట్టాల గదికి వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా. కళ్లు ఉబ్బి ఉన్నాయి. డబ్బా బల్ల మీద పెట్టి, అక్క రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, ఆయన అంతా చెప్పాడు. నువ్వు మార్చిలోనే చెప్పావట కదా. తనే తలపొగరుతో వినలేదట. నీ గది తీసేసేదాకా తెచ్చాడు. ఆయన తరఫున నేను అడుగుతున్నా, మమ్మల్ని క్షమించు," అంది.

"ఊరుకోవే," అంది కత్తెరమ్మ.

"ఊరుకోను. ఉద్యోగం ఇప్పించినందుకు ఇదా నీకు మేము చేసింది? రాత్రంతా ఆయన్ని తిడుతూనే ఉన్నా. ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు."

చెల్లెలి అరచేతులు వెచ్చగా ఉన్నాయి. కత్తెరమ్మ తన చేతులు విడిపించుకుంది. నోట్‌బుక్ తీసింది. అధ్యక్షురాలు చదివి ఆపిన పేజీ దాటి, ఇంకో నాలుగైదు పేజీలు తిప్పి, చెల్లెలి ముందుకు జరిపింది. కమిటీ ఆ పేజీ తిప్పలేదు. ఎవరూ ఇక తిప్పరు కూడా. ఆమె తిప్పకపోతే అది అలాగే ఉండిపోయేది.

చెల్లెలు చిన్నప్పటిలాగే వరస కింద వేలు పెట్టి చదివింది. ఏప్రిల్ మూడు. పొద్దున మరిది వచ్చాడు. ఖాళీ గొట్టం దేనికని అడిగాడు. చెప్పలేదు. వెటకారం చేసి పంపాను.

వేలు మళ్లీ మొదటికి వెళ్లింది. రెండోసారి చదివింది. ఫ్రిజ్ గుర్రుమని ఆగింది.

"ఆయన అడిగాడా?" అంది.

"అడిగాడు."

"నువ్వు చెప్పలేదా?"

"లేదే."

చెల్లెలు ఆ తారీఖు మీద నుంచి వేలు తీసింది. తిట్టలేదు. ఏడవలేదు కూడా. మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"ఆ రోజు ఆయన కిందికి రానన్నాడక్కా. లెక్కల్లో ఏదో తేడాగా ఉందని రెండు రోజులుగా తిండి కూడా సరిగ్గా తినలేదు. మీ అక్క ముందు చులకనైపోతాను, వెళ్లనన్నాడు. నేనే పోరుపెట్టాను. మా అక్కకు తెలియంది లేదు, నోరు పెట్టుకుని ఎంత అన్నా అడిగితే చెప్పకుండా ఉండదు, నాకు చెప్పలేదా చిన్నప్పుడు, వెళ్లి అడుగు అని నేనే పంపించాను."

పుస్తకం మూసి అక్క వైపు జరిపింది. చున్నీ సర్దుకుని గుమ్మం దాటి వెళ్లిపోయింది. డబ్బా బల్ల మీదే ఉంది, మూత కూడా తీయలేదు.